కాగితం ఎక్కడ ఆగింది?

కాపీయర్ తెర మీద ‘పేపర్ జామ్’ అని వస్తుంది. తలుపులన్నీ తెరిచి వెతికితే లోపల చిన్న ముక్క కూడా దొరకదు. మూసి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే మాట. ఆఫీసులోనైనా జిరాక్స్ షాపులోనైనా ఈ తలనొప్పి ఎరగనివారు ఉండరు. సెన్సార్ పోయిందని తేల్చేసి కొత్తది వేయించడమే చాలామంది పట్టే దారి. దాంతో కొన్నిసార్లు బాగవుతుంది, కొన్నిసార్లు వారం తిరక్కుండానే కథ మొదటికొస్తుంది. ఎందుకిలా అవుతుందో తెలియాలంటే ఆ సెన్సార్ అక్కడికి ఎందుకు వచ్చిందో, ఎవరి అవసరం తీర్చడానికి వచ్చిందో తెలియాలి. కాపీయర్ చరిత్రను మామూలుగా దాన్ని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ పట్టుదల కథగానో, ఒక కంపెనీ పైకి లేచిన కథగానో చెబుతారు. మరమ్మతు చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ చరిత్రలో ఇంకో సంగతి కనిపిస్తుంది. యంత్రం తన జబ్బు తానే చెప్పుకునేలా చేయాలని కంపెనీలు దశాబ్దాలుగా ప్రయత్నిస్తూనే ఉన్నాయి. యంత్రం చెప్పే మాటలు పెరిగిన కొద్దీ, వాటిలో ఏది ఎంతవరకు నమ్మాలో తెలిసిన మనిషి అవసరం తగ్గలేదు సరికదా, పెరుగుతూ వచ్చింది. నా వాదన ఇదే.

1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై తొలి కాపీ తీసినప్పుడు కాగితం నడక అనే సమస్యే లేదు. గంధకం పూత పూసిన జింకు రేకును రుమాలుతో రుద్దారు, రాత ఉన్న గాజు పలకను దాని మీద పెట్టి వెలుతురు పడనిచ్చారు, పొడి చల్లారు, మైనపు కాగితం మీదికి అద్దారు. ప్రతి పనీ చేత్తోనే. తర్వాత జిరాక్స్‌గా మారిన హాలాయిడ్ కంపెనీ 1949లో తెచ్చిన మొదటి యంత్రంలోనూ పని చాలావరకు చేతిదే. మామూలు కాగితం, విడి షీటుగా, ఆఫీసు యంత్రం కడుపులో తనంతట తాను నడిచి కాపీగా బయటికి రావడం 1959 సెప్టెంబరులో ప్రకటించిన జిరాక్స్ 914తో మొదలైంది. దాని బరువు 648 పౌండ్లు, అంటే దాదాపు 294 కిలోలు. ట్రేలోంచి లేచిన కాగితం డ్రమ్మును తాకి, దాని మీది పొడిని ఒంటికి అంటించుకుని, ఆ పొడిని కరిగించే వేడి అర (ఫ్యూజర్) గుండా సాగిపోవాలి. ఆ వేడి దగ్గర కాగితం ఆగిందంటే మాడిపోయేది, ఒక్కోసారి అంటుకునేది. కంపెనీ యంత్రంతో పాటు మంటలార్పే చిన్న పరికరాన్ని కూడా ఇచ్చి, దానికి ‘స్కార్చ్ ఎలిమినేటర్’ అని మెత్తటి పేరు పెట్టింది. కాగితం ఎక్కడుందో యంత్రానికి తెలియడం అనేది సౌకర్యం కన్నా ముందు భద్రత విషయమని ఇక్కడే అర్థమవుతుంది. సెన్సార్ల మీద ఎన్ని ఫిర్యాదులున్నా వాటిని తీసేయమని బుద్ధి ఉన్నవాళ్లెవరూ అడగరు.

డబ్బు లెక్క కూడా ఇందులో ఉంది. 914ను ఎక్కువగా అద్దెకే ఇచ్చారు. నెలకు 95 డాలర్లు, మొదటి 2,000 కాపీలు అందులోనే, ఆపైన ప్రతి కాపీకి 4 సెంట్లు. మరమ్మతు ఖర్చు కంపెనీదే. యంత్రం తిరిగినంతసేపే మీటరు తిరుగుతుంది. అది ఆగిపోతే కంపెనీకి రాబడి ఆగుతుంది, పైగా మెకానిక్‌ను పంపే ఖర్చు మీద పడుతుంది. ఆఫీసుకొకరిని ‘కీ ఆపరేటర్’గా తయారు చేసి, చిన్న చిన్న జామ్‌లు తీయడం వాళ్లకే నేర్పించారు. జామ్‌ను పసిగట్టే ఏర్పాట్లు తరంతరానికీ పెరుగుతూ పోవడం వెనక ఈ లెక్క బలంగా పనిచేసిందనుకోవడం సమంజసం. మెకానిక్‌కు ఏం కావాలన్న ప్రశ్న కన్నా, మెకానిక్‌ను పిలవాల్సిన అవసరం ఎలా తగ్గుతుందన్న ప్రశ్నకే సెన్సార్ జవాబుగా వచ్చింది. అందుకే దాని మాట వాడకందారు కోసం తయారైంది: ఈ తలుపు తెరువు, ఈ కాగితం లాగు. ఎందుకు ఆగిందన్నది ఆ మాటలో ఉండదు.

ఉండకపోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఇప్పటి కాపీయర్లలో కనిపించే కాగితం సెన్సార్ వేలి కొనంత ఉండే ప్లాస్టిక్ ముక్క, ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో ఉంటుంది. ఒక కొమ్ములో కంటికి కనిపించని పరారుణ కాంతినిచ్చే చిన్న దీపం, ఎదుటి కొమ్ములో ఆ కాంతిని అందుకునే ట్రాన్సిస్టర్. రెండింటి మధ్య ఖాళీలో నల్లటి ప్లాస్టిక్ మీట తోక ఆడుతుంటుంది. మీట రెండో కొస కాగితం దారిలోకి పొడుచుకుని ఉంటుంది. కాగితం వచ్చి దాన్ని నెడితే తోక కదులుతుంది, కాంతి తెగుతుంది లేదా తెరుచుకుంటుంది. కాగితం దాటిపోగానే వెంట్రుకంత సన్నటి స్ప్రింగు మీటను వెనక్కి లాగుతుంది. యంత్రాన్ని నడిపించే బోర్డుకు చేరేది రెండు స్థితుల సమాచారమే, వోల్టేజీ ఉందా లేదా అని. దీనికి బోర్డు తన గడియారాన్ని జోడిస్తుంది. రోలర్ తిరగడం మొదలయ్యాక ఇన్ని మిల్లీసెకన్లలోగా కాగితం ఇక్కడికి రావాలి, వచ్చాక ఇన్నిటిలోగా దాటిపోవాలి. రాకపోతే ఒక రకం జామ్, వచ్చి కదలకపోతే మరో రకం. ఆన్ చేసిన క్షణంలోనే ఏదైనా సెన్సార్ ‘కాగితం ఉంది’ అంటే మూడో రకం. కాగితాన్ని చూసే కన్ను యంత్రంలో ఎక్కడా లేదు. మీట కదిలిందా, ఎప్పుడు కదిలింది అన్న రెండు సంగతుల నుంచే కాగితం గతినంతా యంత్రం ఊహించుకుంటుంది. నేరుగా కాగితం మీదికి కాంతి పంపే రకాలదీ ఇదే పరిమితి. ప్రొజెక్టరు కోసం వాడిన పారదర్శక షీట్లు కొన్నిటికి అంచున తెల్లటి పట్టీ అంటించి ఉండేది ఇందుకే. ఆ పట్టీ లేకపోతే ఆ షీటు సెన్సార్‌కు లేనట్టే లెక్క.

ఇంత సన్నటి సమాచారం కాబట్టే ఒకే సంకేతం వెనక ఐదారు వేరువేరు నిజాలుండొచ్చు. నిజంగా కాగితం ఇరుక్కుని ఉండొచ్చు. పాత జామ్‌లో చిరిగిన గోరంత ముక్క మీట కింద ఉండిపోవచ్చు. స్ప్రింగు జారి మీట వెనక్కి రాకపోవచ్చు. కాగితపు దుమ్ము, టోనర్ పొడి కలిసి దీపాన్ని కప్పేసి ఉండొచ్చు. కనెక్టర్ వదులై ఉండొచ్చు. ఫ్యూజర్ పక్కన ఉండే బయటి సెన్సార్ మీట వేడికి వంగిపోయి ఉండొచ్చు. ఇవన్నీ బోర్డుకు ఒకటే. ఇంతకన్నా చిక్కు తెచ్చేది సెన్సార్ నిజమే చెప్పినా మనం తప్పుగా అర్థం చేసుకునే సందర్భం. ట్రే దగ్గరి పికప్ రోలర్ అరిగి కాగితం కాస్త జారిందనుకుందాం. ఆ ఆలస్యాన్ని మొదట గమనించేది ముందున్న సెన్సార్. తెర మీద వచ్చే జామ్ కోడ్ దాని పేరు మీద నమోదవుతుంది. కోడ్ చూసి సెన్సార్ మారిస్తే నిజం చెప్పిన సాక్షిని శిక్షించినట్టే. కోడ్ చెప్పేది తప్పు బయటపడిన చోటు, పుట్టిన చోటు వేరే ఉండొచ్చు. అందుకే అనుభవమున్న మెకానిక్ ఇరుక్కున్న కాగితాన్ని గబుక్కున లాగెయ్యడు, ముందు దాని తల ఎక్కడ ఆగిందో చూస్తాడు. తల మీట దాకా రాకుండానే ఆగితే తప్పు వెనక ఉంది: రోలర్, క్లచ్, గైడ్ ఏదో ఒకటి. తల మీటను బాగా దాటి ఉండి, యంత్రం మాత్రం రాలేదంటే అప్పుడు సెన్సార్‌ను అనుమానించాలి. మోటారు ఆగేలోపు కాగితం కాస్త ముందుకు సాగుతుంది కాబట్టి ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. తల మడతలు పడి నలిగితే దారిలో ఏదో అడ్డుంది, నలగకుండా ఆగితే పట్టు జారింది. యంత్రం బోర్డుకు అందని సాక్ష్యమంతా ఆ ఒక్క కాగితం మీద ఉంటుంది.

యంత్రానికీ మనిషికీ మధ్య ఈ ఎడం ఎంత పెద్దదో 1980ల మొదట్లో జిరాక్స్ కంపెనీ తన సొంత పరిశోధన కేంద్రంలోనే చూసింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో కేంద్రంలో లూసీ సచ్‌మన్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు, పెద్ద కాపీయర్‌తో ఇద్దరిద్దరు మనుషులు కుస్తీ పట్టడాన్ని వీడియో తీసి, మాటమాటా రాసి పరిశీలించారు. అప్పట్లో తీసిన ఒక వీడియోలో తంటాలు పడుతున్నవారిలో ఒకరు కృత్రిమ మేధ రంగానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన అలెన్ న్యూయెల్. 1987లో పుస్తకంగా వచ్చిన ఆమె పరిశీలన సారం ఇది: మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో, ఎందుకు తికమక పడుతున్నారో యంత్రానికి తెలియదు. తలుపు తెరవడం, బటన్ నొక్కడం, కాగితం పెట్టడం లాంటి, తన స్థితిని మార్చే పనులు మాత్రమే దానికి అందుతాయి. మనిషి పొరపాటు పడినా ఆ పనుల వరస సరిగ్గానే ఉంటే, అంతా సవ్యంగా ఉందనే యంత్రం తర్వాతి సూచన ఇచ్చేస్తుంది. కాగితం విషయంలో సెన్సార్‌కు ఉన్న లోపమే ఇక్కడ మనిషి విషయంలోనూ ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. వాడకందారుకు తెలియకపోతే పోనీ, మెకానిక్ చేతిలో సర్వీస్ మాన్యువల్ ఉందిగా, కోడ్ చూసి అందులో రాసిన వరసలో పరీక్షలు చేసుకుంటూ పోతే సరిపోదా? కంపెనీ కూడా అలాగే అనుకుంది. అదే కేంద్రానికి చెందిన జూలియన్ ఓర్ మెకానిక్‌ల వెంట తిరిగి, వాళ్లు పని చేసే తీరు మీద చేసిన అధ్యయనం 1996లో ‘టాకింగ్ అబౌట్ మెషీన్స్’ పుస్తకంగా వచ్చింది. ఆయన వివరించిన ఒక ఉదంతంలో యంత్రం ఇచ్చిన కోడ్‌ను పట్టుకుని వెళ్తే మాన్యువల్ ఎక్కడికీ చేర్చలేదు. ఇద్దరు అనుభవజ్ఞులు పాత యంత్రాల కథలు ఒకరికొకరు చెప్పుకుంటూ, మధ్యమధ్యలో పరీక్షలు చేస్తూ చాలాసేపు గడిపాక తేలిందేమంటే, కోడ్‌తో సంబంధం లేనట్టు కనిపించే అధిక వోల్టేజీ తీగ షార్ట్ అవుతోంది. మాన్యువల్ అక్కర్లేదని దీని అర్థం కాదు. రాసినవాళ్లు ముందుగా ఊహించగలిగిన తప్పుల వరకు అది పనికొస్తుంది. యంత్రం పాతబడి, తేమ, దుమ్ము, నాసిరకం కాగితం, పాత మరమ్మతులు అన్నీ కలిశాక వచ్చే తప్పులను ఎవరూ ముందుగా రాయలేరు. వాటిని పట్టుకునేది ఈ యంత్రం, ఈ చోటు, దీని గత చరిత్ర తెలిసినవాళ్లు. కంపెనీ చివరికి దీన్ని గుర్తించింది. 1990లలో ఫ్రాన్స్‌లో మొదలై తర్వాత ఇతర దేశాలకు పాకిన ‘యురేకా’ అనే ఏర్పాటులో మెకానిక్‌లు తాము కనిపెట్టిన చిట్కాలు రాసేవాళ్లు, తోటి మెకానిక్‌లే వాటిని పరీక్షించేవాళ్లు, రాసినవారి పేరు చిట్కా పక్కనే ఉండేది.

ఇదంతా పాత మాట అనేవాళ్లకూ సమాధానం చెప్పాలి. ఇప్పటి యంత్రాలు కొన్ని సెన్సార్ దీపం మసకబారితే కరెంటు పెంచి తామే సర్దుకుంటాయి. జామ్‌ల లెక్క నెట్‌వర్క్ ద్వారా కంపెనీకి పంపి, ఫలానా రోలర్ అరిగే కాలం వచ్చిందని ముందే హెచ్చరిస్తాయి. ఇది నిజమైన ప్రగతి. అయితే ఆ సర్దుబాటు జరుగుతున్నంతకాలం దుమ్ము పేరుకోవడం పైకి కనపడదు. హద్దు దాటిన రోజున ఒక్కసారిగా పూర్తి జామ్‌గా బయటపడుతుంది. ముందస్తు హెచ్చరిక కూడా అవే మీటల కదలికల మీద, అవే కౌంటర్ల మీద కట్టిన అంచనానే. కింద ఉన్న సాక్ష్యం సన్నగా ఉంటే దాని మీద ఎంత తెలివైన లెక్క వేసినా సన్నదనం పోదు.

మన దేశంలో 1983లో మోడీ జిరాక్స్ ఏర్పడి, ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఫ్యాక్టరీ నుంచి యంత్రాలు వచ్చాయి. కంపెనీ ఏదైనా ‘జిరాక్స్’ అనే పిలవడం తెలుగునాట స్థిరపడింది. కోర్టుల ముందు, మండలాఫీసుల పక్కన, కాలేజీ గేట్ల దగ్గర ఉండే చాలా షాపుల్లో నడిచేది వేరే దేశంలో ఒక ఆయుష్షు గడిపి వచ్చిన సెకండ్ హ్యాండ్ యంత్రం. కోస్తాలో వానాకాలం కాగితం తేమ పీల్చి అంచుల దగ్గర వంకర తిరుగుతుంది, మీటను వేళకు నెట్టదు. రోడ్డు పక్క దుమ్ము సరేసరి. కంపెనీ ఒప్పందం లేని ఈ యంత్రాలను నిలబెడుతున్నది ఊళ్లోని మెకానిక్‌లే. అదే నంబరు సెన్సార్‌ను యంత్రంలో ఇంకోచోటి నుంచి తీసి ఇక్కడ బిగించి, కోడ్ దానితో పాటు జరిగిందా, ఇక్కడే ఉందా అని చూసే పరీక్ష వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కోడ్ జరిగితే సెన్సార్ చెడింది, జరగకపోతే మీటో వైరో బోర్డో చూడాలి. కొత్త భాగం కొనకుండానే తేలిపోతుంది.

దీనికన్నా తేలికైన పరీక్ష యంత్రంలోనే ఉంది. సర్వీస్ మోడ్‌లో ఒక్కో సెన్సార్ స్థితి సున్నా, ఒకటిగా తెర మీద కనిపిస్తుంది. వేలితో మీట నొక్కితే అంకె మారాలి. మారకపోతే తప్పు అక్కడే. ఆ తెరలోకి వెళ్లే దారిని చాలా కంపెనీలు తమ డీలర్లకే పరిమితం చేశాయి. యంత్రం లోపలి దారి ఇలా మూసేయడం కొత్తేమీ కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో జిరాక్స్ ఇచ్చిన లేజర్ ప్రింటర్ తరచూ జామ్ అవుతుంటే, జామ్ అయిన సంగతి అందరి కంప్యూటర్లకూ తెలిసేలా ప్రోగ్రాం మార్చాలని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. మూల ప్రోగ్రాం ఇవ్వడానికి దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్లు ఒప్పుకోలేదు. 1983లో ఆయన ప్రకటించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రయత్నానికి ఆ అనుభవం ఒక కారణం. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని మొదటి జాబితాలో ఉన్నాయి. ఆఫీసు యంత్రాలు కూడా అందులో చేరాలి. చేరినప్పుడు విడిభాగాల ధరల గురించి మాట్లాడేముందు అడగవలసింది ఆ సున్నా, ఒకటి కనిపించే తెర. యంత్రం కొన్నవాళ్లకూ, వాళ్లు పిలిచిన మెకానిక్‌కూ అది తాళం లేకుండా తెరుచుకోవాలి.