కెల్సస్ పూర్వపక్షము

పూర్వపక్షము స్వతంత్రగ్రంథముగా నశించి, ప్రతివాది గ్రంథమున నుదాహృతమై బ్రదికియుండుట మన పండితులకుఁ గ్రొత్త గాదు. బార్హస్పత్యసూత్రములు సమగ్రముగా మనకుఁ జిక్కలేదు. చార్వాకమతమును మనము చాలవఱకుఁ బరపక్షఖండనములనుండియు, 14వ శతాబ్దమున మాధవాచార్యులు రచించిన సర్వదర్శనసంగ్రహముయొక్క ప్రథమాధ్యాయమునుండియుఁ దెలిసికొనుచున్నాము. క్రైస్తవమతచరిత్రమునందును ఇట్టి వృత్తాంత మొకటి కలదు.

క్రైస్తవుల తర్కసరణిని సమగ్రముగా విమర్శించిన గ్రంథములలో మన కెఱుకపడిన మొదటిది కెల్సస్ అను గ్రీకు తాత్త్వికుని “సత్యవచనము”. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి పాలన తుదిభాగమున, క్రీ. శ. 178 ప్రాంతమున, ఇది పుట్టినదని పండితుల యూహ. మూలము నశించినది. సుమారు 70 ఏండ్లకుఁ బిమ్మట, 248 ప్రాంతమున, క్రైస్తవాచార్యుఁడగు ఓరిగెన్ దానిని ఖండించుచు 8 భాగముల గ్రంథము వ్రాసెను. కెల్సస్ మాటలు నేఁడు మనకు దొరకుట యందే.

కెల్సస్ నాస్తికుఁడు గాఁడు. ఓరిగెన్ అతనిని ఎపిక్యూరసు మతస్థునిగా నెంచెను గాని, గ్రంథమునందలి యభిప్రాయములు ప్లేటో మతానుసారములు. అతని విసుగునకు ముఖ్యకారణము క్రైస్తవుల ప్రమాణవిచారము. ప్రశ్నించినవానికిఁ గొందఱు హేతువు చెప్పక, విచారణము వలదనియు విశ్వాసమే తరింపఁజేయుననియు బదులు చెప్పుచున్నారని యాతని ప్రధానారోపము. తక్కిన యాక్షేపములును హేతువు నడుగునవే. దేవుఁడు భూమికి దిగివచ్చుట యేల? మనుష్యుల నడతను దెలిసికొనుటకా? సర్వజ్ఞున కది యక్కఱలేదు. దిద్దుటకా? సర్వశక్తుఁడు దిగిరాకయే దిద్దఁగలఁడు. ఇంతకాలము మనుష్యులను దలంపక, అప్పుడు మాత్రమే తలంచుట యేల? మరణించి లేచిన యేసు తన మహిమను స్థాపింపఁ గోరినచో, తనను బాధించినవారికిని, శిక్ష విధించిన న్యాయాధిపతికిని, సర్వజనులకును గనఁబడవలదా?

ఓరిగెన్ సమాధానములు తేలికవి గావు. జనులలోఁ బెక్కండ్రు జీవనయాత్రలో మునిఁగినవారు; తత్త్వవిచారమునకు వారికిఁ దీఱిక లేదు; అట్టివారిని విశ్వాసము దుర్మార్గమునుండి మఱల్చినచో మేలే గదా యనెను. సముద్రయానము చేయువాఁడును, వివాహమాడువాఁడును, విత్తనము చల్లువాఁడును ఫలమును నమ్మియే పూనుకొనుచున్నాఁడనియు, తత్త్వశాస్త్ర మభ్యసింపఁ బోవువాఁడు సైతము అన్ని శాఖలను బరీక్షించి యొకదానిఁ జేరుట లేదనియుఁ జెప్పెను. ఇది యాలోచింపఁదగిన మాట. కాని విత్తినవాఁడు పంటకాలమునఁ దన నమ్మకమును సరిచూచుకొనును. పండనిచో మఱుసటి యేఁడు విత్తనము మార్చును. పూనికకు నమ్మకము చాలును, నిర్ణయమునకుఁ జాలదు. కెల్సస్ అడిగినది నిర్ణయమును గుఱించి. లేచిన యేసును జూచుటకు అందఱి కన్నులకును శక్తి లేదన్న సమాధానమునందును ఈ కొఱఁతయే కలదు. సాక్షులు కొందఱే యగుటకు హేతువు చెప్పఁబడినది గాని, సాక్ష్యము పెరుగలేదు.

అయినను కెల్సస్ పక్షము నిర్దుష్టము గాదు. ఉన్ని పనివారును, చెప్పులు కుట్టువారును, చాకలివారును ఇండ్లలోఁ జేరి పిల్లలకును స్త్రీలకును బోధించుచున్నారని యాతఁడు పరిహసించెను. చెప్పువాని వృత్తి వాక్యముయొక్క సత్యాసత్యములను నిర్ణయింపదు. వైద్యదేవత యగు అస్క్లేపియస్‌ను బ్రత్యక్షముగాఁ జూచితిమనువారి మాటను లెక్కగొని, యేసు శిష్యుల మాటను ద్రోసివేయుటయు న్యాయము గాదు. పరుల యద్భుతములకు నొక కొలతయుఁ దనవారి యద్భుతములకు వేఱొక కొలతయు నుంచుకొనుట యుభయపక్షములకును సమానదోషము.

ఇఁక గ్రంథము నిలిచిన విధము. ఓరిగెన్ మొదట ముఖ్యాంశములను మాత్రము గైకొని ఖండింపఁ దలఁచెను. కొంత వ్రాసినపిమ్మట మార్గము మార్చి, కెల్సస్ మాటలను వరుసగా నుదాహరించుచు బదులు చెప్పెను. ఇందుచేతనే 1873లో థియొడోర్ కైమ్ అను జర్మను పండితుఁడు “సత్యవచనము”ను జాలవఱకుఁ దిరిగి కూర్పఁగలిగెను. ఓరిగెన్ గ్రంథమునకు వాటికను గ్రంథాలయమునందలి 13వ శతాబ్దపు వ్రాఁతప్రతి ముఖ్యాధారము. 1941లో కైరో సమీపమునందలి తురాలో దొరకిన పపైరసు పత్రములలోఁ దొలి రెండు భాగములనుండి తీసిన యంశములును గలవు.

కెల్సస్ తరువాత వచ్చిన పోర్ఫిరీకి నిట్టి ప్రతివాది లభింపలేదు. అతఁడు క్రైస్తవమతమును విమర్శించుచు 15 భాగముల గ్రంథము రచించెను. దానిని దగ్ధము చేయవలసినదిగా 448లో రెండవ థియొడోసియస్, మూఁడవ వలెంటీనియన్ చక్రవర్తులు శాసించిరి. మూలము పోయినది. దానిని ఖండించి మెథోడియస్, యూసీబియస్, అపొల్లినారిస్ వ్రాసిన గ్రంథములును సమగ్రముగా నిలువలేదు. పూర్వపక్షముతోఁ బాటు సిద్ధాంతమును నశించెను. అయినను జెరోమ్ తన దానియేలు వ్యాఖ్యానమున నుదాహరించినందునఁ బోర్ఫిరీ వాద మొకటి దక్కినది. దానియేలు గ్రంథము బబులోను చెఱకాలమునఁ గాక, క్రీ. పూ. 2వ శతాబ్దమున అంటియోకస్ ఎపిఫానీస్ నాఁడు వ్రాయఁబడినదని యాతఁడు వాదించెను. నేఁటి చారిత్రకులలోఁ బెక్కుమంది ఆ గ్రంథమున కా కాలమునే యంగీకరించుచున్నారు.

క్రైస్తవులు విచారణమును సహింపరని కెల్సస్ ఆరోపించెను. ఓరిగెన్ యుక్తులకంటె నాతని నడవడియే యా యారోపమును బలముగా ఖండించినది. ప్రతివాది ప్రశ్నలను దాఁచక, యొక్కొక్కదానినే యెదుర్కొనెను. 448 నాఁటి శాసనమో, కెల్సస్ మాటకే సాక్ష్య మిచ్చినది. ఒకే మతమునఁ బుట్టిన యీ రెండు మార్గములలో నేది విశ్వాసమునకు గౌరవము దెచ్చినదో, యా రెండు వాదములను జక్కఁగాఁ జదివిన విద్యార్థియే చెప్పఁగలఁడు. అందులకు వాని ముందు ఓరిగెన్ సమాధానములతోఁ బాటు కెల్సస్ ప్రశ్నలను గూడ నుంచుట బోధకుని ధర్మము.