కైఫీయతు రాయించిన ముఖం

గండికోటకు వెళ్ళినవాళ్ళకు మాధవరాయస్వామి గుడి గోపురం, జుమ్మా మసీదు మినార్లు, ధాన్యాగారం, పెన్న కోసిన లోయ కనిపిస్తాయి. కోటనేలిన పెమ్మసాని నాయకులు ఎలా ఉండేవారో చూపే పటం మాత్రం కనిపించదు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోట పట్టాడు. రెండేళ్ళకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికే వచ్చి అతన్ని కలిసి, చూసింది రాసుకున్నాడు.

నాయకుల పటం లేకపోవడం సీమ చిత్రకారులకు మనుషుల్ని గీయడం రాక కాదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ వాళ్ళ కాలంలోనే బొమ్మలయ్యారు. అది అచ్యుతరాయల కాలం. తలమీద పొడుగాటి కుళ్ళాయి, పక్కకు తిరిగిన ముఖం, కోసుగా సాగిన కన్ను. వాళ్ళు కట్టిన బట్టల మీది పూలూ చారలూ ఇప్పటికీ తెలుస్తాయి. ముఖాలు మాత్రం చాలావరకు ఒకే పోలిక. ఎవరి ముక్కు ఎలా ఉందన్నది ఆ చిత్రకారుడికి పట్టలేదు, దేవుడి ముందు నిలబడ్డ దాత కనిపిస్తే చాలు.

ఫలానా మనిషి ఫలానాలా ఉంటాడని చూపే తైలచిత్రం దొరల వెంట వచ్చింది. 1800లో కడప, బళ్ళారి సీమల్ని నిజాం కుంపిణీకి దత్తం చేశాడు. ఆ సీమల ఊళ్ళలో కుంపిణీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు తిరిగి, కరణాల కవిలెలు చూసి, పెద్దల్ని అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించారు. గండికోట కైఫీయతు అలా మిగిలిందే. ఈ పనికి ముందు నిలిచినవారు ఏలూరు కావలి సోదరులు. అన్న బొర్రయ్య 1803లో పోతే, తమ్ముడు వెంకట లక్ష్మయ్య భారమెత్తుకున్నారు.

1816లో మద్రాసులో థామస్ హికీ మెకంజీ పటం గీశాడు. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చూపు మొదట దొర ఎర్రకోటు మీదే పడుతుంది. దూరాన కార్కళ గోమటేశ్వరుడు. దొర చుట్టూ తాళపత్రం పట్టిన జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణితో బంట్రోతు కృష్ణాజీ, వాళ్ళతోపాటు లక్ష్మయ్య. లేపాక్షి ముఖాల్లా కాదు, ముగ్గురూ మూడు వేర్వేరు ముఖాలు. తెలుగువాళ్ళు ఆ పటంలో వెతకాల్సింది లక్ష్మయ్యనే.

మెకంజీ 1821లో పోయాక ఆ పని తాను సాగిస్తానని లక్ష్మయ్య అడిగారు. ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ ఆయన సామర్థ్యం చాలదని తేల్చాడు. అన్యాయమైన తీర్పు అది. ఊరూరా మనుషుల్ని పంపి ఆ రాతలు తెప్పించిందే ఆయన. గండికోటలో కోట చరిత్ర చెప్పే బోర్డు పక్కన హికీ పటం నకలు ఒకటి పెట్టి, లక్ష్మయ్య పేరు తెలుగులో రాయించాలి.