కానుకా, వెట్టా? చేత్తో చేసిన క్రిస్మస్ గిఫ్ట్ వెనక మన అడవి చరిత్ర

 పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

క్రిస్మస్ కథలో మొట్టమొదటి కానుకలు మూడు. తూర్పు దేశపు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం. చర్చికి పోయేవాళ్ళకి, పోనివాళ్ళకి కూడా ఈ పేర్లు తెలుసు. కానీ మనం ఒక సంగతి పట్టించుకోం. ఆ మూడింట్లో రెండు చెట్ల జిగుర్లు! చెట్టు బెరడు మీద గాటు పెడితే కారి గడ్డకట్టేవి. మనోళ్ళు తపసి చెట్టుకి గాటు పెట్టి జిగురు తీసి జీసీసీకి అమ్ముతారు గదా, అదే పని. సాంబ్రాణి చెట్టుకి చుట్టమైన అందుగు చెట్టు మన తెలంగాణ అడవుల్లో కూడా ఉంది. ఆ జిగురు తీసిన చేతులు ఎవరివో కథలో లేదు, మోసుకొచ్చిన పెద్దల సంగతే ఉంది. కానుకల చరిత్ర చదువుతుంటే నాకు ప్రతిచోటా ఇదే కనపడింది. ఇచ్చినవాడి పేరు ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, డిసెంబర్ వస్తే హాస్టళ్ళలో చీటీల ఆట మొదలవుతుంది. ఎవరి పేరు వస్తే వాళ్ళకి గిఫ్ట్ ఇవ్వాలి. ఈసారి మా దగ్గర రెండొందలకి తగ్గొద్దని రూల్ పెట్టారు. ఒక జూనియర్ తమ్ముడు తన పేరు తీసేయమన్నాడు. "చేత్తో ఏదన్నా చేసివ్వరా" అంటే, "చవక గిఫ్ట్ ఇస్తే నవ్వుతారన్నా" అన్నాడు. వాళ్ళ నాన్న వెదురుతో గంపలు, చేటలు, చేపల మావులు అల్లే మనిషి. అంత పనితనం ఉన్న ఇంటి పిల్లోడికి చేతి పని అంటే సిగ్గు ఎట్లా వచ్చింది? "చవక" అనే మాట మన పని మీదికి ఎక్కడి నుంచి వచ్చి పడింది? దీనికి జవాబు మన ఏజెన్సీ చరిత్రలోనే ఉంది.

భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకి పోతే దుమ్ముగూడెం వస్తుంది. భద్రాచలం వైపు ఒడ్డు 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషోళ్ళ చేతికి పోయింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిసింది. ఇవతల ఒడ్డు బూర్గంపహాడ్, పాల్వంచ నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. నది ఒక్కటే, చుట్టాలు రెండు పక్కలా, రాజ్యాలు మాత్రం రెండు.

1860ల్లో సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం గోదావరి మీద ఎగువదాకా పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలవ పనులు జరిగాయి. ఆ పనుల మీదున్న హేగ్ అనే ఇంజనీరు చొరవతో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. 1871లో సర్కారు పడవల పథకాన్ని ఆపేసింది గానీ మిషన్ అక్కడే నిలిచింది. జాన్ కెయిన్ అనే పాదిరీ ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి 1870ల నుంచి ఒక పత్రికలో వ్యాసాలు రాశాడు. 19వ శతాబ్దం చివర్లో లూకా సువార్త కోయ మాటల్లో అచ్చయింది. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన పసిబిడ్డ కథ ఉన్నది ఆ సువార్తలోనే. అంటే క్రిస్మస్ కథ మన భాషలో అచ్చెక్కి వందేళ్ళు దాటింది.

ఆ మిషన్ ఆడవాళ్ళు దుమ్ముగూడెంలో లేసు అల్లిక నేర్పారు. దుమ్ముగూడెం లేసుకి మంచి పేరొచ్చింది, దేశం దాటి కూడా అమ్ముడుపోయింది. ఒంటరి ఆడవాళ్ళకి, పేదోళ్ళకి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, అది మంచే. కానీ ఒక్కసారి ఆలోచించండి. గోదావరి ఒడ్డున కూచుని కళ్ళు పెట్టుకుని అల్లిన లేసు ఏ దూరదేశంలోనో ఇంకొకరి ఇంట్లో అందంగా కనపడుతుంది. అల్లినామె ఇంట్లో ఆ ముక్క ఒక్కటైనా మిగిలిందో లేదో.

లేసు కథ ఇంకా బాగా అర్థం కావాలంటే గోదావరి దిగువకి, నర్సాపురం వైపు పోవాలి. అక్కడ కూడా లేసు పని మిషనరీల ద్వారానే వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి లేసు ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె చెప్పింది సూటిగా ఇది: రోజంతా అల్లే ఆడవాళ్ళని ఎవరూ కూలీలుగా లెక్కపెట్టలేదు. ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు ఖాళీ టైములో చేసే పని అన్నారు. ఖాళీ టైము అన్నారు కాబట్టి కూలి అంత తక్కువ పెట్టగలిగారు. చేతిపని చవక కాలేదు, పని గంటల్ని లెక్కలోంచి తీసేసి దాన్ని చవక చేశారు.

ఇది ఒక సంగతి. రెండోది అడవి.

గంప చవక ఎందుకంటే వెదురు ఊరికే వస్తుంది అంటారు. మరి ఎప్పుడూ ఊరికే వచ్చిందా? 1879లో రంప ఫితూరీ లేచింది. తాటి కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, మన్సబ్‌దారు దోపిడీ, కోర్టుల్లో అప్పుల దావాలు దానికి కారణాలు. అదే ఏడాది అది మన రేకపల్లికి పాకింది. మద్రాసు కింద కలిసినాక అక్కడ పోడు మీద పన్ను పెంచారు, అడవిలో గొడ్డలి పెట్టడానికి అడ్డం చెప్పారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఇంటి పెరడు లాంటి అడవి రిజర్వు అయిపోయింది. నిన్నటిదాకా పండక్కి ఇచ్చుకున్న కల్లు, తేనె, వెదురు కోసం ఇప్పుడు పర్మిషన్ కావాలి, లేదంటే గార్డు చేతిలో ఏదన్నా పెట్టాలి. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ దొర పాపికొండల కొండరెడ్ల గురించి పుస్తకం రాశాడు. కాంట్రాక్టర్ల కోసం వెదురు నరికి అప్పుల్లో మునిగిన కొండరెడ్ల బతుకు అందులో ఉంటుంది. వెదురు పని అందరికన్నా బాగా తెలిసినోళ్ళే వెదురు కూలీలైపోయారు.

ఇవతల నిజాం ఒడ్డున వెట్టి ఉండేది. పండగొస్తే దొర గడికి ఒక్కో కులం తన చేతిపని ఊరికే ఇచ్చుకోవాలి. మాదిగోళ్ళు చెప్పులు, కుమ్మరోళ్ళు కుండలు, గౌండ్లోళ్ళు కల్లు. ఏజెన్సీలో ఆఫీసర్లు క్యాంపుకి వస్తే కోళ్ళు, తేనె, విస్తరాకులు. దానికి కూడా మర్యాదగా "మామూలు" అని, "నజరానా" అని పేర్లు పెట్టారు. నజరానా అంటే కానుకే గదా! అడిగి గుంజుకున్న దాన్ని కానుక అన్నారు. అదే విస్తరాకు కట్ట మనం మన వియ్యపోళ్ళ ఇంటికి ఇష్టంగా పట్టుకుపోతే నిజంగా కానుక. వస్తువు ఒక్కటే, కుట్టిన చేయి ఒక్కటే. ఇయ్యను అనే హక్కు ఉంటే కానుక, లేకపోతే వెట్టి.

ఇష్టంగా చేసిచ్చే కానుకకి విలువ ఎంతో భద్రాచలంలోనే చూడొచ్చు. శ్రీరామనవమికి సర్కారు ముత్యాల తలంబ్రాలు, పట్టుబట్టలు పంపుతుంది. అదే కల్యాణానికి గోదావరి జిల్లాల కోరుకొండ వైపు నుంచి భక్తులు గోటి తలంబ్రాలు తెస్తారు. వడ్లని రోకలి తగలకుండా, ఒక్కో గింజ గోటితో ఒలిచిన బియ్యం. రూపాయల్లో చూస్తే ముత్యం ముందు బియ్యపు గింజ ఎంత? అయినా అక్కడ ఎవరూ దాన్ని చవక అని నవ్వరు. ఎందుకంటే దాని వెనక ఎన్ని చేతులు, ఎన్ని రోజులు ఉన్నాయో అందరికీ తెలుసు.

చర్చిల మీద, ఇళ్ళ మీద కట్టే స్టార్ కూడా ఇట్లాంటిదే. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ క్రైస్తవుల బోర్డింగ్ స్కూల్ ఉండేది. 19వ శతాబ్దం మొదటి సగంలో అక్కడి మగపిల్లలు లెక్కల పాఠంలో భాగంగా కాగితంతో కోణాల నక్షత్రం చేశారు. ఇవాళ ప్రపంచమంతా మొరేవియన్ స్టార్ అని కొనేది అదే. అంటే అది హాస్టల్ పిల్లల పని! మన పల్లెల్లో వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెడతాం. జామెట్రీ బాక్సు లేకుండా, కంటి కొలతతో ఐదు కోణాలు సమానంగా తెచ్చే పిల్లలు మన ప్రతి గూడెంలో ఉన్నారు.

"క్రిస్మస్ మన పండగ కాదు గదా, మనకి పండుం ఉన్నాయి గదా" అని కొందరు అన్నలు అంటారు. ఆ మాట కొట్టిపారేయను. మన గూడేల్లో చర్చికి పోయేవాళ్ళూ ఉన్నారు, వేల్పుల్ని కొలిచేవాళ్ళూ ఉన్నారు, రెండూ ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. నేను చెప్పేది ఏ పండక్కైనా పనికొస్తుంది. కొత్తలు తిన్నప్పుడు పంచుకునేదైనా, క్రిస్మస్‌కి ఇచ్చేదైనా, చేతిపని మీద హక్కు మనది.

ఆ హక్కు ఇప్పుడు కాగితం మీద కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, మైనం, తునికాకు, లక్క, దుంపలు అన్నింటినీ చిన్న తరహా అటవీ ఉత్పత్తులుగా చెప్పింది. వాటిని సేకరించుకోడానికి, వాడుకోడానికి, అమ్ముకోడానికి మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. గంప అల్లడానికి తెచ్చే వెదురు దొంగతనం కాదు. దీన్ని మన ఇళ్ళల్లో పెద్దోళ్ళకి చదివి వినిపించాల్సింది మనమే, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో చదువుకున్న మొదటి మనిషి మనమే.

కాబట్టి ఈ డిసెంబర్‌కి నా ప్రతిపాదన ఇది. డబ్బు లేనోళ్ళు పక్కకి జరగొద్దు. వెదురు స్టార్ చెయ్యండి. ఎండిన సొరకాయ బుర్ర మీద కాల్చిన చువ్వతో బొమ్మలు గీసివ్వండి. అడ్డాకుల దొన్నెలు కుట్టండి. లంబాడీ చెల్లెళ్ళు అద్దాల కుట్టుతో చిన్న సంచి కుట్టొచ్చు. ఇంటి చిక్కుడు గింజలు, జొన్నలు, కొర్రలు పొట్లం కట్టి ఇస్తే వచ్చే ఏడాది అవతలోళ్ళ పెరట్లో మొలుస్తాయి. ఏదీ చేతకాకపోతే పది రూపాయల నోట్‌బుక్ కొని, మీ అవ్వ చెప్పే కోయ మాటలు, కథలు అందులో రాసివ్వండి. అది ఏ షాపులోనూ దొరకదు.

ఒక్క షరతు. గిఫ్ట్‌తో పాటు చిన్న చీటీ పెట్టండి. ధర రాయొద్దు, మూడు సంగతులు రాయండి: సరుకు ఏ అడవిది, ఈ పని నేర్పింది ఎవరు, ఎన్ని గంటలు పట్టింది. చేసినోళ్ళ పేరు, వాళ్ళ గంటలు ఎవరూ లెక్కలోంచి తీసేయకుండా మనమే రాసిపెడదాం.

జై ఆదివాసీ.