విదేశాలలో ట్రేడ్‌మార్కు నమోదు

ట్రేడ్‌మార్కు లేదా వ్యాపార చిహ్నం అనగా ఒక వ్యాపారి సరకును ఇతరుల సరకు నుండి వేరుచేసి చూపే పేరు లేదా గుర్తు. దానిపై నమోదు వలన కలిగే హక్కు నమోదైన దేశానికే పరిమితం. భారతదేశంలో నమోదైనంత మాత్రాన ఆ గుర్తుకు అమెరికాలో గాని, జర్మనీలో గాని రక్షణ లభించదు. గోదావరి డెల్టాలో తయారై విదేశాలకు చేరే నరసాపురం లేసు, ఆత్రేయపురం పూతరేకుల వంటి సరకులకు ఈ పరిమితి కీలకమైనది.

పేరుపై హక్కు

"పూతరేకులు" అనేది తినుబండారం పేరు. దానిని ఏ ఒక్క దుకాణమూ ట్రేడ్‌మార్కుగా సొంతం చేసుకొనజాలదు. తన దుకాణం పేరును మాత్రం నమోదు చేయించుకొనవచ్చును. ఊరి పేరుతో ముడిపడిన ఖ్యాతికి భౌగోళిక సూచిక అనే వేరొక హక్కు ఉన్నది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లోను, నరసాపురం లేసు అల్లికకు 2024లోను ఈ గుర్తింపు లభించింది. అయితే ఇది కూడా భారతదేశంలోనే చెల్లుతుంది. డార్జిలింగ్ తేయాకు విషయంలో టీ బోర్డు అమెరికాలో ధ్రువీకరణ చిహ్నాన్ని విడిగా నమోదు చేయించింది. ఐరోపా సమాఖ్యలో ఆ పేరుకు 2011లో రక్షణ లభించింది. స్వదేశంలో రక్షణ లేని భౌగోళిక సూచికను కాపాడవలసిన బాధ్యత ఇతర దేశాలకు లేదని ట్రిప్స్ ఒప్పందం చెబుతున్నది కనుక, స్వదేశపు గుర్తింపు తొలి మెట్టు.

నమోదు విధానం

కోరిన ప్రతి దేశంలోను నేరుగా దరఖాస్తు చేయవచ్చును. స్వదేశంలో దరఖాస్తు చేసిన 6 నెలలలోగా అక్కడ కూడా చేసినచో, పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి తేదీయే వర్తిస్తుంది. రెండవ మార్గం మాడ్రిడ్ ప్రోటోకాల్. ఇది భారతదేశంలో 2013 జూలై 8 నుండి అమలులోనికి వచ్చింది. స్వదేశపు దరఖాస్తు లేదా నమోదు ఆధారంగా భారత ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ ద్వారా జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థకు ఒకే దరఖాస్తు పంపి, పలు దేశాలను ఎంచుకొనవచ్చును. తెలుగు లిపిలోని గుర్తుకు రోమన్ లిప్యంతరీకరణ జతచేయాలి. ప్రతి దేశమూ తన చట్టం ప్రకారం పరిశీలించి, 12 లేదా 18 నెలలలో నిరాకరణ తెలుపవచ్చును. అంటే దరఖాస్తు ఒకటైనా, తీర్పులు ఎన్నో.

విదేశీ పంపిణీదారు ఎగుమతిదారుని గుర్తును తన పేరున నమోదు చేయించుకొనడం ఈ రంగంలో తరచు ఎదురయ్యే చిక్కు. పారిస్ ఒప్పందం అసలు యజమానికి దానిని రద్దు చేయించే హక్కు నిచ్చినా, ముందుగా నమోదు చేసిన వారికే హక్కునిచ్చే చైనా వంటి దేశాలలో ఆలస్యం ఖరీదైనది.

నిర్వహణ

అంతర్జాతీయ నమోదు కాలపరిమితి 10 సంవత్సరాలు. అటుపై పదేసి సంవత్సరాలకు పునరుద్ధరించాలి. గడువు దాటినచో అదనపు రుసుముతో మరి 6 నెలలు వీలున్నది. మొదటి 5 సంవత్సరాలలో స్వదేశపు నమోదు రద్దయినచో అంతర్జాతీయ నమోదు కూడా ఆ మేరకు రద్దవుతుంది. అప్పుడు 3 నెలలలోగా ఆయా దేశాలలో జాతీయ దరఖాస్తుగా మార్చుకొనవచ్చును. జెనీవాలో రుసుము చెల్లించుట ఒక్కటే చాలదు. అమెరికాలో రక్షణ లభించిన 5వ, 6వ సంవత్సరాల మధ్య, గుర్తును అక్కడి వ్యాపారంలో వాడుతున్నట్లు ఆధారాలతో ప్రకటన దాఖలు చేయాలి. 6 నెలల అదనపు గడువులోను దాఖలు చేయకపోతే ఆ దేశంలో రక్షణ రద్దవుతుంది.