కడలై మిఠాయి నుంచి ఓట్స్ బిళ్ల దాకా

ముందుమాట

ఇప్పుడు మన ఊరి అంగళ్లలో కూడా ఓట్స్ బార్లు అమ్ముతున్నారు. కొవ్వు తక్కువ, వ్యాయామం చేసేవాళ్లకు మంచిది అని కవరు మీద రాసి ఉంటుంది. జేబులో పెట్టుకొని ఎక్కడైనా తినగలిగే బిళ్ల మనకు కొత్తదేం కాదు. కానీ మన పెద్దవాళ్లు దాన్ని కొవ్వు తగ్గడానికి తినలేదు, ఆకలి తీరడానికి తిన్నారు. ఈ తేడా ఎలా వచ్చిందో చరిత్రలో చూద్దాం.

నల్లరేగడి నేల మిఠాయి

రాజపాళయం నుంచి శంకరన్‌కోవిల్ మీదుగా వెళితే కోవిల్‌పట్టి వస్తుంది. అదంతా నల్లరేగడి నేల. తమిళంలో కరిసల్ అంటారు. ఆంధ్ర దేశం నుంచి వలస వచ్చిన మన తెలుగువాళ్లు ఈ నేలను ఎలా బాగుచేసుకొని బతికారో కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవలలో రాశారు. వాన మీదే ఆధారపడిన ఈ నేలలో సజ్జ, జొన్న, కొర్ర, ఊద పండేవి. తర్వాత వేరుశనగ కూడా బాగా పండింది.

ఆ వేరుశనగతోనే కోవిల్‌పట్టి కడలై మిఠాయి వచ్చింది. మొదట్లో తాటిబెల్లంతో చేసేవాళ్లు. 1940లలో పొన్నంబల నాడార్ అనే కిరాణా వ్యాపారి దీన్ని చేసి అమ్మడంతో పేరు వచ్చింది. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చేసే పద్ధతి సులభం. గింజలు వేయించి, పొట్టు తీసి, బద్దలు చేస్తారు. బెల్లం పాకం నీళ్లలో వేస్తే పటుక్కున విరిగేంత ముదరాలి. అందులో బద్దలు కలిపి, పరిచి, వేడి ఆరకముందే ముక్కలు కోస్తారు. నూనె అక్కర్లేదు, చాలా రోజులు నిలవ ఉంటుంది.

ఆకలి చరిత్ర

కోవిల్‌పట్టికి దగ్గర్లోనే ఎట్టయపురం ఉంది. తెలుగు నాయకర్ జమీందారులు ఏలిన ఊరు అది. మన విరుదునగర్‌లో పుట్టిన కామరాజర్ గారు 1956లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకాన్ని అక్కడే మొదలుపెట్టారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి చదువు ఎక్కదని ఆయనకు తెలుసు. 1982లో ఎం.జి.ఆర్. గారు దాన్ని పెంచారు. 2022లో ఉదయం టిఫిన్ పథకం కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడి భోజనంతో పాటు వారానికి 3 రోజులు వేరుశనగ చిక్కీ ఇచ్చారు. ఇక్కడెక్కడా కొవ్వు తగ్గించాలనే మాట లేదు. పిల్లలకు బలం రావాలి, అంతే.

ఓట్లు ఎక్కడివి?

ఓట్లు చలిదేశాల పంట. 14వ శతాబ్దంలో స్కాట్లాండ్ సైనికులు గుర్రం మీద ఓట్ల పిండి సంచి, ఒక ఇనుప రేకు పెట్టుకొని వెళ్లేవాళ్లని ఫ్రాన్స్ చరిత్రకారుడు ఫ్రొయిస్సార్ రాశాడు. అంటే వాళ్లకూ అది ఆకలి తిండే. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో బ్రయాన్ మాక్స్‌వెల్ అనే మారథాన్ పరుగువీరుడు పవర్‌బార్ మొదలుపెట్టాడు. అందులో ఓట్ల తవుడు వేశారు, కొవ్వు చాలా తక్కువ పెట్టారు. కొవ్వు మెల్లగా అరుగుతుంది కాబట్టి పరుగెత్తేటప్పుడు కడుపు బరువుగా ఉంటుంది. పరుగు కోసం పుట్టిన ఆ బిళ్ల తర్వాత కూర్చొని పనిచేసేవాళ్ల చేతికీ వచ్చింది.

మనం ఏం చేయొచ్చు?

100 గ్రాముల వేరుశనగలో కొవ్వు 40 గ్రాములకు పైనే ఉంటుంది. ఓట్లలో సుమారు 7, కొర్రల్లో సుమారు 4. కాబట్టి కడలై మిఠాయిలో సగం వేరుశనగ తీసి, వేయించిన ఓట్లు గానీ కొర్ర పేలాలు గానీ వేస్తే కొవ్వు దాదాపు సగం అవుతుంది. మాంసకృత్తులు కూడా కొంచెం తగ్గుతాయి. బెల్లం మాత్రం అంతే ఉంటుంది. కొవ్వు తక్కువ అని రాసినంత మాత్రాన నాలుగు తినకూడదు.

ముగింపు

మన తరగతిలోనే పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్లు ఉన్నారు, రోజూ చిప్స్ తిని ఆటకు రానివాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే బిళ్ల సరిపోదు. మొదటివాళ్లకు నిండుగా వేరుశనగ ఉన్న మిఠాయే మంచిది. ఆటకు ముందు తినేవాళ్లకు కొర్రల బిళ్ల తేలిక. క్రీడా దినోత్సవానికి మన బడిలో రెండు రకాలూ చేసి పంచితే బాగుంటుంది. కవరు మీది మాట చదివే ముందు, తినేవాళ్లు ఎవరు, వాళ్లకు ఏం కావాలి అని చూడాలి. కామరాజర్ గారు చూసింది కూడా అదే.