‘అడ్వాన్స్ తీరేదాకా కదలొద్దు’ అంటే నేరమే.. వెట్టి నుంచి విడుదల ఎలా? ఎవరికి చెప్పాలి?

హైదరాబాద్ శివార్లలోనో, పెద్దపల్లి వైపో వెళ్తుంటే ఇటుక బట్టీల పక్కన వరుసగా చిన్న చిన్న గుడిసెలు కనిపిస్తాయి. వాటిలో ఉండేవారిలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చినవారే. పంట పనులు అయిపోయాక మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ తీసుకుని పిల్లాపాపలతో వస్తారు. ఎండాకాలం ముగిసేదాకా ఇటుకలు చేస్తారు.

అడ్వాన్స్ తీసుకుని పనికి రావడం నేరం కాదు. ఆ అప్పు చూపించి మనిషిని కదలనివ్వకపోవడం మాత్రం నేరం.

వెట్టి అని ఎలా గుర్తించాలి?

గేటుకు తాళం, కాలికి గొలుసు ఉండక్కర్లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం, అప్పు లేదా అడ్వాన్స్ కారణంగా కింది వాటిలో ఏ ఒక్కటి జరిగినా అది వెట్టే.

• కూలి ఇవ్వకపోవడం, నామమాత్రంగా ఇవ్వడం
• మరో చోట పనికి వెళ్లనివ్వకపోవడం
• ఊరికి గానీ, బయటకు గానీ స్వేచ్ఛగా వెళ్లనివ్వకపోవడం
• తన సరుకును, శ్రమను మార్కెట్ ధరకు అమ్ముకోనివ్వకపోవడం

కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి తీసుకున్న అప్పు?

చట్టం దృష్టిలో అది రద్దయినట్టే. కార్మికుడు పైసా కట్టనక్కర్లేదు. రద్దయిన అప్పును వసూలు చేస్తే యజమానికి 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. వెట్టి చేయించుకున్నందుకూ 3 ఏళ్ల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా ఉన్నాయి. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవారే.

మోసం చేసో, ఆశ చూపో, బెదిరించో మనుషులను తరలించి వెట్టిలో పెడితే భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టొచ్చు. దీనికి 7 నుంచి 10 ఏళ్ల జైలు. బాధితులు ఒకరికి మించి ఉన్నా, మైనర్ ఉన్నా కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ‘వాళ్లు ఇష్టపడే వచ్చారు’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

మీ కంటపడితే ఏం చేయాలి?

అత్యవసరమైతే 112కు, పిల్లలు ఉంటే 1098కు ఫోన్ చేయండి. జిల్లా కలెక్టర్‌కు గానీ, ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది. ఆ చోటు ఎక్కడ, ఎంతమంది ఉన్నారు, ఏ ఊరి నుంచి వచ్చారు, పిల్లలు పని చేస్తున్నారా, ఫోన్లు, ఆధార్ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి.. తెలిసినంత వరకు చెప్పండి.

మీరే వెళ్లి యజమానిని నిలదీయొద్దు. అధికారులు వచ్చేలోపు కార్మికులను వేరే చోటికి తరలించేసే ప్రమాదం ఉంది. వాళ్ల ముఖాలు కనిపించే వీడియోలు సోషల్ మీడియాలో పెట్టొద్దు.

విడుదల పత్రం ఎందుకంత ముఖ్యం?

బట్టీ నుంచి బయటపడగానే కష్టం తీరిపోదు. కలెక్టర్ లేదా ఆర్డీవో స్థాయి అధికారి విచారణ జరిపి ఇచ్చే విడుదల ధ్రువపత్రం చేతికి రావాలి. వాళ్లు వెట్టిలో ఉన్నారని, అప్పు రద్దయిందని చెప్పే ఆధారం అదే. కేంద్ర పునరావాస పథకం సాయానికీ అదే మూలం.

• తక్షణ సాయం: రూ.30,000 వరకు
• పురుషులకు: రూ.1 లక్ష
• మహిళలు, పిల్లలకు: రూ.2 లక్షలు
• లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో మహిళలు, పిల్లలకు, అలాగే దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు: రూ.3 లక్షలు

తక్షణ సాయం కోసం కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. ఇందుకోసం ప్రతి జిల్లాలో కనీసం రూ.10 లక్షల నిధి ఉండాలని పథకం చెబుతోంది. పెద్ద మొత్తాలు మాత్రం నిందితులకు శిక్ష పడటంతో ముడిపడి ఉన్నాయి. అందుకే కేసు నమోదు కాకుండా, పత్రం ఇవ్వకుండా రైలెక్కించి పంపేస్తే కార్మికులు వట్టి చేతులతో ఇల్లు చేరతారు. వచ్చే సీజన్‌లో అదే మేస్త్రీ దగ్గర మళ్లీ అడ్వాన్స్ తీసుకోవాల్సి వస్తుంది. మీరు ఫిర్యాదు చేసి ఉంటే, పత్రం ఇచ్చారా, కేసు పెట్టారా అని తర్వాత కూడా అడగండి.

మన ఇంటికీ ఇదే చట్టం

ఇంట్లో పని చేసే మనిషికి అవసరానికి డబ్బు ఇవ్వడం తప్పు కాదు. ‘బాకీ తీరేదాకా ఇంకో ఇంట్లో చేరొద్దు, ఊరికి వెళ్లొద్దు’ అని కట్టడి చేస్తే మాత్రం బట్టీ యజమానికి వర్తించే చట్టమే మీకూ వర్తిస్తుంది.