దళారి లేని తీగ: రెండు పాత కంప్యూటర్లు మాట్లాడుకున్న కథ



ఏజెన్సీ నుంచి అమలాపురం వచ్చి చదువుకుంటున్న మా గదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. సీనియర్లు వదిలి వెళ్లినది. అందులో డాస్ తప్ప ఏమీ లేదు. ఫ్లాపీ డ్రైవ్ పాడైంది, పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు, ఇక నెట్ సంగతి సరేసరి. చూసినవాళ్లందరూ "పాత ఇనుముకి వేసేయండి" అన్నారు. మేం వేయలేదు. సీనియర్లు చింతూరు వైపు ఊళ్లలో పెద్దవాళ్లని అడిగి, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన కోయ మాటల పట్టిక అందులో ఉంది. ఆ మాటలు చెప్పిన ముసలమ్మల్లో కొందరు ఇప్పుడు లేరు. హార్డ్ డిస్క్ విప్పుదామంటే భయం, ఉన్నది ఒక్కటే కాపీ కదా.

ఆ పట్టికని బయటికి తెచ్చింది మూడు తీగలు. వాటి చరిత్ర చెప్పుకుందాం.

1960లో అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం తెచ్చింది. అప్పట్లో కంప్యూటర్ ఎక్కడో పెద్ద సంస్థలో ఉండేది. దూరాన కూర్చున్నవాడి ముందు టెర్మినల్, దాని పక్కన మోడెమ్, అక్కణ్నుంచి ఫోన్ లైను. టెర్మినల్ ఏ పిన్ను మీద మాట్లాడాలి, ఏ పిన్ను మీద వినాలి అన్నది ఆ ప్రమాణం చెప్పింది. కానీ అదంతా టెర్మినల్‌కీ మోడెమ్‌కీ మధ్య ఒప్పందం. ఇద్దరు సమానులు నేరుగా మాట్లాడుకోవడం అన్నది ఆ లెక్కలో లేదు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. చిన్న కంప్యూటర్లు పక్కపక్క బల్లల మీదికి చేరాయి. రెండింటినీ మామూలు తీగతో కలిపితే నోటికి నోరు, చెవికి చెవి కలిపినట్టే. రెండూ ఒకే తీగ మీద మాట్లాడతాయి, వినేవాడు ఉండడు. దీనికి మందు చాలా చిన్నది: తీగల్ని అడ్డంగా మార్చడం. ఒకదాని నోరు రెండోదాని చెవికి, రెండోదాని నోరు మొదటిదాని చెవికి. మూడోది గ్రౌండు. దీన్నే నల్ మోడెమ్ అన్నారు, అంటే మోడెమ్ లేని మోడెమ్.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా మొదలైంది. అది కూడా ముందు పెద్ద నగరాల్లోనే. నెట్ లేనిచోట ఇలాంటి తీగే దిక్కు. వంతెన లేదని ఆగకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటినట్టు అన్నమాట. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6లో ఈ పనికే ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రామ్ ఇచ్చారు. విండోస్ 95లోనూ నేరుగా తీగతో కలిపే ఏర్పాటు ఉంది.

మా దాంట్లో డాస్ 6 ఉంది. డాస్ ఉన్న ఇంకో పాత మిషన్ అడిగి తెచ్చుకున్నాం. ఒక టీవీ రిపేరు షాపులో సోల్డరింగ్ చేయించుకున్నాం. రెండూ ఆపి, తీగ పెట్టి, ఆన్ చేస్తే ఏమీ రాలేదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. తప్పు మాదే. 9 పిన్నుల పోర్టులో 2 వినేది, 3 మాట్లాడేది, 5 గ్రౌండు. 25 పిన్నుల దాంట్లో 2 మాట్లాడేది, 3 వినేది, 7 గ్రౌండు. మా పాత మిషన్‌లో పనిచేస్తున్నది 25 పిన్నులదే. అంటే 2కి 2, 3కి 3, 5కి 7 కలిపితే చాలు, అదే అడ్డం మార్చినట్టు. మేం మళ్లీ మార్చేసరికి నోటికి నోరు అయింది!

సరిచేశాక పాత మిషన్ డ్రైవు రెండోదాంట్లో ఇంకో అక్షరంగా కనపడింది. ఈ దారి వేగం మహా అయితే సెకనుకి 1,15,200 బిట్లు, అంటే దాదాపు 11 వేల అక్షరాలు. ఒక ఫ్లాపీ నిండా ఉన్న సరుకు దాటడానికి రెండు నిమిషాలు పైనే. మా పట్టిక అంత కూడా లేదు. నిమిషం లోపే వచ్చేసింది.

సంతల్లో దళారుల చేతిలో మనవాళ్లు మోసపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. సరుకు విషయంలో మనకి తెలిసిన ఆ పాఠం మాటల విషయంలో కూడా గుర్తుండాలి. చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లా, 2022 దాకా తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఆఫీసులు మారతాయి, ఫైళ్లు మారతాయి. మన మాటల్ని ఎవరో దాచిపెడతారని కూర్చుంటే కుదరదు.

అందుకే ఒక్కటే మనవి. మీ హాస్టల్లో పాత కంప్యూటర్ ఉంటే పారేసేముందు అందులో ఏముందో చూడండి. ఉన్నదాన్ని మూడు చోట్ల దాచండి.

మేం ఆ పట్టిక ప్రింటు తీసి ఊరికి పట్టుకెళ్లి ఒక అవ్వకి చదివి వినిపించాం. మొత్తం విని, "రెండు మాటలు తప్పు రాశారర్రా" అంది. అక్కడే కూర్చుని దిద్దుకున్నాం.